డోర్నకల్ లేవనెత్తిన ప్రశ్న: తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య జీవితం, వారసత్వం

న్యూఢిల్లీ: రాష్ట్రపతి భవన్‌కు సమీపాన, చర్చ్ రోడ్డులో ఒక పెద్ద కెథడ్రల్ ఉంది. బ్రిటిష్ పాలకులు కొత్త రాజధానిని నిర్మించుకుంటున్న రోజుల్లో హెన్రీ మెడ్ అనే వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేశారు. 1931 నాటికి అది సిద్ధమైంది. ఎనిమిదేళ్ల తరువాత, 1939 జనవరి 6న, నిజాం రాజ్యంలోని ఒక రైల్వే కూడలి పక్కన మరో కెథడ్రల్‌ను ప్రతిష్ఠించారు. ఆ ఊరు డోర్నకల్. నేటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

రెండూ ఒకే ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఆలయాలే. అయితే మొదటిది సామ్రాజ్య రాజధాని అవసరాల కోసం వెలసినది. రెండవది మాలపల్లెల, మాదిగపల్లెల విశ్వాసులు ప్రధానంగా ఉన్న సంఘానికి కేంద్రం. దానికి రాతి స్తంభాల మండపాల రూపం, గుమ్మటాలు, మినార్లు ఉన్నాయి. దానిని కట్టించిన బిషప్ ఒక భారతీయుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 నుంచి 1945లో మరణించే వరకు, బ్రిటిష్ ఇండియాలో ఒక ఆంగ్లికన్ అధ్యక్ష మండలానికి పూర్తి అధికారంతో బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కరే.

ముప్పై మూడేళ్ల పాటు ఆ స్థానానికి రెండో భారతీయుడు ఎందుకు రాలేదు? తమిళుడైన ఆయన తెలుగు పల్లెల్లో ఏమి నిర్మించారు? మహాత్మాగాంధీతో ఆయనకు భేదాభిప్రాయం ఎక్కడ వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికితే వలస పాలనలో అధికారం, కులం, మతం ఎలా పెనవేసుకున్నాయో అర్థమవుతుంది. వాటిలో కొన్ని చిక్కుముడులు నేటికీ విడలేదు.

తిరునెల్వేలి పల్లె నుంచి మద్రాసు వరకు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ సంఘ గురువు. ఆయన నాడార్ కులంలో పుట్టి, 1839లో క్రైస్తవ మతం స్వీకరించారు. నాడార్లలో అనేకులు కల్లుగీతపై ఆధారపడి జీవించేవారు. పందొమ్మిదో శతాబ్దంలో తిరువాన్కూరులో ఆ కులపు స్త్రీలు రవిక ధరించే హక్కు కోసం పోరాడవలసి వచ్చిందంటే వారి సామాజిక స్థితి ఎలాంటిదో ఊహించవచ్చు. చదువు, మిషన్ పాఠశాలలు, వ్యాపారం ఆ సముదాయాన్ని క్రమంగా పైకి తెచ్చాయి.

తండ్రి 1889లో మరణించారు. తల్లి ఎలెన్ క్రమశిక్షణలో పెరిగిన అజరయ్య తిరునెల్వేలిలో చదువుకొని, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. గణితం అభ్యసించారు. అనారోగ్యం వల్ల చివరి పరీక్షలకు హాజరు కాలేకపోవడంతో పట్టా దక్కలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, 1909 వరకు అదే ఉద్యోగంలో కొనసాగారు. విద్యార్థుల మధ్య పనిచేస్తూ దక్షిణ భారతమంతటా పర్యటించారు. అమెరికన్ మిషనరీ షెర్వుడ్ ఎడ్డీతో స్నేహం అప్పుడే కుదిరింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ తరంలో కళాశాల మెట్టెక్కిన అరుదైన మహిళల్లో ఆమె ఒకరు. తరువాతి కాలంలో డోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన సేవకు ఆమే ఆధారస్తంభంగా నిలిచారు.

పంపేది ఎవరు, పంపబడేది ఎవరు?

ఆ కాలంలో మిషన్ అంటే ఐరోపా, అమెరికాల నుంచి మనుషులూ డబ్బూ రావడమే. 1902లో యాఴ్పాణం వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపుతున్న సంగతి అజరయ్య గమనించారు. తిరునెల్వేలి సంఘం ఆ పని ఎందుకు చేయలేదన్న ఆలోచన ఆయనను కుదిపివేసింది. 1903 ఫిబ్రవరి 12న ఇండియన్ మిషనరీ సొసైటీ ఆవిర్భవించింది. దాని సూత్రం సరళమైనది: మనుషులు భారతీయులే, ధనం భారతీయులదే, నిర్వహణ భారతీయులదే.

తొలి సేవాక్షేత్రంగా ఆ సంస్థ ఎంచుకున్నది తెలుగు ప్రాంతం. నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ పరిసరాలలో అప్పటికి మిషన్ల పని స్వల్పంగా ఉండేది. తిరునెల్వేలి రైతులు, ఉపాధ్యాయులు, కూలీలు కూడబెట్టిన చందాలతో తమిళ సేవకులు తెలుగు నేర్చుకొని ఆ పల్లెల్లోకి అడుగుపెట్టారు. రెండేళ్లకు, 1905 డిసెంబరు 25న, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. దాని స్థాపకుల్లో కె.టి.పాల్‌తో పాటు అజరయ్య కూడా ఉన్నారు. బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం దేశాన్ని ఊపేస్తున్న సంవత్సరమది. మతరంగంలో స్వావలంబన కోరిన ఈ ప్రయత్నాన్ని ఆ నేపథ్యం నుంచి విడదీసి చూడలేం.

ఇతరులను పంపిన అజరయ్య తానే వెళ్లాలని నిశ్చయించుకున్నారు. 1909లో గురుపట్టం స్వీకరించి, మద్రాసు నగర జీవితం, దేశమంతటా ఉన్న పరిచయాలు వదులుకొని డోర్నకల్ చేరారు. అక్కడ తెలుగు నేర్చుకున్నారు. ఎద్దుబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగారు.

ఎడిన్‌బరో సభలో అడిగిన స్నేహం

మరుసటి సంవత్సరం, 1910 జూన్‌లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు పాల్గొన్న ఆ సభలో ఆసియా దేశాల వారు ఇరవై మందికి మించలేదు. విదేశీ మిషనరీలు, స్థానిక సేవకుల మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను కోరారు.

ఆయన సూటిగా మాట్లాడారు. మిషనరీ జీతమిచ్చే యజమానిగా, భారతీయుడు జీతం తీసుకునే నౌకరుగా ఉన్నంతకాలం నిజమైన సహకారం సాధ్యం కాదన్నారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా మిషనరీ ఇంట్లో ఒక్కసారైనా భోజనానికి పిలుపు అందని భారతీయ సేవకులున్నారని గుర్తుచేశారు. మిషనరీలు చేసిన త్యాగాలను ఆయన తక్కువ చేయలేదు. వాటికి భారతీయ సంఘం ఎన్నటికీ కృతజ్ఞతతో ఉంటుందన్నారు. అయితే దానంతో పాటు ప్రేమ కూడా కావాలని, తమకు స్నేహితులు కావాలని కోరుతూ ముగించారు. కొందరు ఆ మాటలకు నొచ్చుకున్నారు. మరికొందరికి అది కళ్లు తెరిపించిన ప్రసంగమైంది. శతాబ్దం గడిచినా ప్రపంచ క్రైస్తవ చరిత్ర రాసేవారు ఈ ప్రసంగాన్ని ప్రస్తావించకుండా ఎడిన్‌బరో సభ గురించి రాయరు.

బిషప్ నియామకం ఎందుకంత క్లిష్టం?

ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అంటే కేవలం పెద్ద గురువు కాదు. గురువులకు పట్టమిచ్చేది ఆయనే. సంఘ క్రమశిక్షణ, ఆస్తులు, పాఠశాలలు, నియామకాలు ఆయన పర్యవేక్షణలోనే ఉంటాయి. భారత్‌లో ఈ పదవికి మరో ముఖం కూడా ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఛార్టరును పొడిగిస్తూ 1813లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం కలకత్తా బిషప్ పీఠానికి మార్గం వేసింది. 1835లో మద్రాసు, 1837లో బొంబాయి పీఠాలు ఏర్పడ్డాయి. ఈ బిషప్‌లను బ్రిటిష్ రాజు నియమించేవారు. భారత ఖజానా నుంచి జీతాలు అందేవి. సైన్యానికి, అధికారులకు ఆరాధన జరిపించే చాప్లిన్లు వారి అధీనంలో ఉండేవారు. ఒక్క మాటలో చెప్పాలంటే బిషప్ పదవి సామ్రాజ్య యంత్రాంగంలో భాగం.

అలాంటి పదవిలో భారతీయుడు కూర్చుంటే తెల్లవారు ఆయన ఆజ్ఞకు లోబడాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆఫ్రికా అనుభవం కూడా అందరి మనసుల్లో ఉంది. 1864లో శామ్యూల్ అజాయి క్రౌథర్ తొలి ఆఫ్రికన్ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. చివరి సంవత్సరాల్లో యువ ఐరోపా మిషనరీలు ఆయన అధికారాన్ని దాదాపు హరించారు. 1891లో ఆయన మరణించాక ఆ స్థానంలో ఐరోపావాసినే నియమించారు. ఢిల్లీలోనూ ఇలాంటి ప్రశ్నే తలెత్తింది. 1906లో సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు సుశీల్ కుమార్ రుద్ర తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. ఆంగ్లేయ అధ్యాపకులు ఒక భారతీయుడి కింద పనిచేస్తారా అన్న సందేహాన్ని తోసిపుచ్చి, ఆయనకు దన్నుగా నిలిచినవారు సి.ఎఫ్.ఆండ్రూస్.

అజరయ్య విషయంలో ఆ పాత్ర మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌ది. తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఆయన సోదరుడు. ఆయన పీఠం పరిధి సువిశాలమైనది. తమిళ, తెలుగు జిల్లాలే కాక నిజాం రాజ్యం కూడా అందులోకి వచ్చేది. తెలుగు పల్లెల్లో వేల సంఖ్యలో పేదలు బాప్తిస్మం కోరుతున్న వేళ అక్కడ ఒక బిషప్ ఉండాలని, ఆయన భారతీయుడై ఉండాలని వైట్‌హెడ్ పట్టుబట్టారు. వ్యతిరేకత ఐరోపా మిషనరీల నుంచే రాలేదు. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణల వెనుక అజరయ్య పుట్టిన కులం కూడా ఉంది. చర్చి గోడలు కులాన్ని ఆపలేదనడానికి ఇదొక నిదర్శనం.

చివరకు మధ్యేమార్గం కుదిరింది. డోర్నకల్ కేంద్రంగా చిన్న అధ్యక్ష మండలం ఏర్పరిచారు. అది నిజాం రాజ్యంలో ఉంది. ఐరోపా జనాభా, మిషనరీలు అక్కడ తక్కువ. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. అప్పటికి ఆయన వయసు 38 సంవత్సరాలు.

పెరిగిన మండలం, పెరిగిన బాధ్యత

ప్రయోగంగా మొదలైన పని అంతటితో ఆగలేదు. 1920 ప్రాంతంలో కృష్ణా, గోదావరి డెల్టాలోని పాత మిషన్ క్షేత్రాలు డోర్నకల్ పరిధిలోకి వచ్చాయి. బందరు, బెజవాడ, ఏలూరు కేంద్రాలుగా చర్చ్ మిషనరీ సొసైటీ అప్పటికే దశాబ్దాలుగా పనిచేస్తోంది. 1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ పేరిట వెలసిన కళాశాల తెలుగువారికి సుపరిచితమే. ఇన్నాళ్లూ భారతీయులను తమ కింద పనిచేయించుకున్న ఐరోపా మిషనరీలు ఇప్పుడు ఒక భారతీయ బిషప్ పర్యవేక్షణలోకి వచ్చారు. భయపడినంత ఉపద్రవమేమీ జరగలేదు. మొదట సంకోచించిన వారిలో అనేకులు ఆయనతో సఖ్యంగానే పనిచేశారు.

1930ల నడుమ నాటికి ఆ మండలంలో బాప్తిస్మం పొందినవారి సంఖ్య రెండు లక్షలు దాటింది. వీరిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. వారు ఒక్కొక్కరుగా కాకుండా కుటుంబాలుగా, పల్లెలుగా తరలివచ్చారు. అందుకే చరిత్రకారులు వీటిని సామూహిక ఉద్యమాలు అంటారు. ఊరి చివర వాడలో నివాసం, ఊరి బావికి దూరం, వెట్టిచాకిరి, చచ్చిన గొడ్డు మాంసంపై ఆధారపడే దైన్యం. ఇదీ నాటి స్థితి. తమ పిల్లలకు అక్షరం నేర్పే పంతులు వాడలోకి రావడమే అప్పటికి పెద్ద మార్పు.

అజరయ్య ఈ పంతులును తన ప్రణాళికకు కేంద్రంగా చేసుకున్నారు. పగలు బడి చెప్పడం, సాయంత్రం ప్రార్థన నడిపించడం, తగాదాలు తీర్చడం, జబ్బుపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, అధికారులకు అర్జీలు రాయడం అన్నీ ఆ దంపతుల పనులే. ఇలాంటి గ్రామోపాధ్యాయులు సుమారు రెండు వేల మంది వరకు ఉండేవారు. ఉపదేశులకు, గురువులకు, వారి భార్యలకు శిక్షణ ఇచ్చేందుకు డోర్నకల్‌లో సంస్థలు నెలకొల్పారు. పరపతి సంఘాలు, వైద్యశాలలు, ముద్రణాలయం వాటికి తోడయ్యాయి.

ఆయన క్రమశిక్షణ కఠినమైనది. మద్యం మానాలి, పశుమాంస కళేబరాలను తినడం విడనాడాలి, ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉంచుకోవాలి, పిల్లలను బడికి పంపాలి. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకొని, సువార్తను ఇతరులకు చెప్పే బాధ్యత తమదేనని ప్రకటించాలని కోరేవారు. నిరుపేద అయినా సంఘానికి ఇచ్చి తీరాలన్నది మరో నియమం. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం వేరుగా తీసిపెట్టి ఆదివారం గుడికి తెచ్చే అలవాటు ఇలాంటి బోధన వల్లే బలపడింది. దానమంటే ధనికులు చేసేదేనని అనుకునే సమాజంలో, ఇచ్చే చేయి తమకూ ఉందని పేదలు గ్రహించడం ఆయన దృష్టిలో ఆత్మగౌరవానికి మొదటి మెట్టు. ఈ అంశంపై ఆయన రాసిన ‘క్రిస్టియన్ గివింగ్’ పుస్తకం దేశం వెలుపల కూడా ప్రచారం పొందింది.

మార్పు వాడలకే పరిమితం కాలేదు. 1920, 1930 దశకాల్లో కొన్ని వ్యవసాయ కులాల నుంచీ, వడ్డెర, ఎరుకల వంటి సముదాయాల నుంచీ కూడా అనేకులు సంఘంలో చేరారు. అంటరానివారిగా చూసిన వారి నడవడిలో కనిపించిన మార్పే తమను ఆకర్షించిందని వారు చెప్పేవారని అజరయ్య పదేపదే ప్రస్తావించారు.

తెలుగు నేలకు తగిన రూపం

క్రైస్తవం విదేశీ మతమన్న విమర్శను అజరయ్య తేలికగా తీసుకోలేదు. విశ్వాసానికి దేశీయ రూపం ఉండాలని, ఆరాధనలో తెలుగు కీర్తనలకు, పంట కానుకల పండుగలకు చోటివ్వాలని భావించారు. జాతరలకు, ఉత్సవాలకు అలవాటుపడిన పల్లె జనం మతం మారినంత మాత్రాన పండుగ లేని బతుకు బతకలేరని ఆయనకు తెలుసు.

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ఈ ఆలోచనకు రాతి రూపం. దాని నిర్మాణం దాదాపు పాతికేళ్లు సాగింది. దక్షిణాది దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు, దక్కన్ మసీదులను గుర్తుకు తెచ్చే గుమ్మటాలు, మినార్లు, వాటి మధ్య శిలువ. ఈ మూడూ కలిసిన ఆలయం పూర్తయి 1939లో ప్రతిష్ఠ జరిగింది. తెలంగాణలోనే మరో ప్రసిద్ధ ఆలయమైన మెదక్ కెథడ్రల్‌తో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ చొరవతో నిర్మితమై 1924లో ప్రారంభమైన మెదక్ ఆలయం ఐరోపా గోథిక్ శైలిలో ఉంటుంది. డోర్నకల్ ఆలయం మాత్రం తన చుట్టూ ఉన్న నేల నుంచి రూపం తీసుకుంది.

అయితే ఈ దేశీయతకూ ఒక హద్దు ఉంది. హిందూ సంప్రదాయాల్లో ఉన్నతవర్గాలకు గౌరవప్రదమైనవి కొన్ని దళిత విశ్వాసులకు అవమానాన్నే గుర్తుచేసేవి. ఏది స్వీకరించాలి, ఏది వదిలేయాలి అన్న తీర్పును పట్టణ మేధావులకు కాక పల్లె సంఘాలకే వదిలేయడం మేలని ఆయన అనుభవం నేర్పింది.

గాంధీతో భేదం, ప్రత్యేక నియోజకవర్గాలపై వైఖరి

1930 దశకంలో అస్పృశ్యత దేశ రాజకీయాల కేంద్రానికి వచ్చింది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. సెప్టెంబరులో పూనా ఒడంబడిక కుదిరింది. 1935 అక్టోబరు 13న యేవలాలో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ తాను హిందువుగా మరణించబోనని ప్రకటించారు. అణగారిన వర్గాలు ఏ మతం వైపు మొగ్గుతాయన్నది ఒక్కసారిగా జాతీయ ప్రశ్నగా మారింది.

సామూహిక మత మార్పిడుల్లో ఆధ్యాత్మికత కన్నా ప్రలోభం, అవసరం ఎక్కువన్నది గాంధీజీ అభ్యంతరం. ‘హరిజన్’ పత్రికలో ఆయన ఈ వాదనను బలంగా వినిపించారు. అస్పృశ్యతను హిందూ సమాజమే లోపలి నుంచి కడిగివేయాలని ఆయన నమ్మకం. అజరయ్య దీనితో విభేదించారు. పేదవాడు తన ఆత్మ గురించి తాను నిర్ణయించుకోలేడని అనడం అతడి బుద్ధిని తక్కువ చేయడమేనని, ప్రజల జీవితాల్లో కళ్లెదుట కనిపిస్తున్న మార్పును చూడాలని ఆయన పక్షం వాదించింది. ఇద్దరూ అస్పృశ్యతకు వ్యతిరేకులే. ఇద్దరూ స్వావలంబన కోరినవారే. ఇద్దరి ఇళ్లలోనూ నిరాడంబరతే. కానీ విముక్తి మార్గం వేరు.

విచిత్రమేమిటంటే, ఒక విషయంలో అజరయ్య జాతీయవాదుల వైఖరికే దగ్గరగా నిలిచారు. భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను ఆయన వ్యతిరేకించారు. ఓట్ల లెక్కల కోసం ఏర్పడిన వర్గంగా సంఘం మారితే దాని నైతిక బలం నశిస్తుందని, ఇరుగుపొరుగుతో సంబంధాలు తెగిపోతాయని హెచ్చరించారు. అయినా 1935 భారత ప్రభుత్వ చట్టం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను కల్పించింది. మతం మార్పు సంఖ్యాబలం పెంచుకునే రాజకీయ చర్యగా కనిపించడానికి ఆ ఏర్పాటు ఊతమిచ్చింది. అజరయ్య తప్పించుకోవాలనుకున్న అనుమానమే ఆయనను చుట్టుముట్టింది.

చీలికలను కలిపే ప్రయత్నం

లండన్, న్యూయార్క్ తగాదాలు తెలుగు పల్లెలకు ఎందుకన్నది అజరయ్య వేసిన మరో ప్రశ్న. ఒక ఊరిలో ఆంగ్లికన్లు, పక్క ఊరిలో బాప్టిస్టులు, ఇంకో ఊరిలో లూథరన్లు, మెథడిస్టులు. ఈ విభజనలు పుట్టింది ఐరోపాలో. వాటితో సంబంధం లేని మాల, మాదిగ కుటుంబాలు మాత్రం ఆ పేర్లను మోయవలసి వచ్చింది. 1919 మేలో తరంగంబాడిలో అజరయ్య తదితరులతో కలిపి 33 మంది సమావేశమయ్యారు. వారిలో అత్యధికులు భారతీయులు. దక్షిణ భారత సంఘాల ఐక్యతకు వారు పిలుపునిచ్చారు. 1706లో తొలి ప్రొటెస్టెంట్ మిషనరీలు అడుగుపెట్టిన ఊరు అదే కావడం గమనార్హం.

చర్చలు దాదాపు మూడు దశాబ్దాలు సాగాయి. బిషప్ పట్టం లేని సంఘాల గురువులను ఆంగ్లికన్లు గుర్తించాలా అన్నదే ప్రధాన ప్రతిబంధకం. ఈలోగా 1927 చట్టం ఫలితంగా 1930లో భారత ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండ్ సంఘం నుంచి చట్టపరంగా వేరుపడింది. లాంబెత్ సభల్లోనూ, 1927 లొసాన్ సభలోనూ అజరయ్య ఐక్యత పక్షాన మాట్లాడారు. 1929 నుంచి చాలాకాలం జాతీయ క్రైస్తవ మండలికి అధ్యక్షత వహించారు.

ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. మూడేళ్లు తిరగకుండానే, స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరలో, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఆవిర్భవించింది. బిషప్‌లున్న సంఘాలు, లేని సంఘాలు ఒకే గూటికి చేరడం ప్రపంచంలోనే అపూర్వం. అయితే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు అప్పుడు చేరలేదు. వారు కలవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

మిగిలిన లోటు, మిగిలిన ప్రశ్న

అజరయ్య జీవితాన్ని విజయగాథగా మాత్రమే చెప్పడం సరికాదు. ఆయన కాలంలో కొందరు భారతీయులు సహాయ బిషప్‌లుగా నియమితులైనా, మరే అధ్యక్ష మండలాన్నీ భారతీయుడికి అప్పగించలేదు. ఆయన మరణానంతరం డోర్నకల్ పీఠం ఎక్కింది కూడా ఐరోపావాసి అయిన ఎ.బి.ఇలియట్. ఒక్కరిని నియమించి, ఆ ఒక్కరినే ఉదాహరణగా చూపించి, తలుపు మూసి ఉంచడం వలస వ్యవస్థకు తెలిసిన విద్య. సంఘం లోపల కులమూ పోలేదు. మాల, మాదిగల మధ్య వివాహ సంబంధాల్లో, పదవుల పంపకంలో పాత గీతలు కొనసాగాయి. కులాన్ని వదిలితేనే బాప్తిస్మం సార్థకమని బోధించిన బిషప్‌కు ఇది చివరివరకు తీరని బాధ.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న రాజ్యాంగపరమైనది. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను ఆ జాబితా నుంచి మినహాయించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ హోదాను పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని వర్తింపజేశారు. క్రైస్తవులకు, ముస్లింలకు మాత్రం వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాల వారిని వెనుకబడిన తరగతుల్లోని ‘సి’ వర్గంలో లెక్కిస్తున్నారు. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన ఈ అంశంపై కమిషన్ నియమించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా కోరుతూ తీర్మానం చేసింది.

మతం మారితే కులం పోతుందా? పోకపోతే రాజ్యం ఎవరిని ఏ పేరుతో గుర్తించాలి? ఢిల్లీలో న్యాయస్థానాల్లో, కమిషన్ల ముందు నలుగుతున్న ఈ ప్రశ్నకు తెలుగు పల్లెల్లో మూలాలు ఉన్నాయి. పిడికెడు బియ్యం తీసిపెట్టిన ఆ తల్లుల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పటికీ జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

విజయవాడలో ఆయన పేరిట బాలికల ఉన్నత పాఠశాల ఉంది. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌లో నేటికీ తెలుగులో ఆరాధన సాగుతోంది. కాజీపేట, విజయవాడ మధ్య ప్రయాణించే లక్షలాది మందికి డోర్నకల్ అంటే కొత్తగూడెం వైపు దారి చీలే జంక్షన్. 1910లో ప్రపంచ సభ ఎదుట సమాన గౌరవం అడిగిన వ్యక్తి ముప్పై ఏళ్లకు పైగా అక్కడ నివసించి, అక్కడి వాడల ప్రజలకు అదే గౌరవం దక్కాలని పాటుపడ్డారన్నది ఆ ఊరి చరిత్రలో మరువరాని సంగతి.